సాఫ్ చేయని మొహం

పొద్దున మొహం కడుక్కున్నాక, పౌడర్ రాసుకోకముందు, వంటింటి గట్టు మీద పసుపు డబ్బాకు ఫోన్ ఆనించి నా ఫోటో నేనే తీసుకుంటాను. తూర్పు కిటికీ నా ఎడమ పక్కన ఉంటుంది. టైమర్ పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, కెమెరా వైపు సూటిగా చూస్తాను. నవ్వను. పళ్లు బాగాలేక కాదు. ఫోటోలో నవ్వితే నా మొహం ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు ఉంటుంది, చెప్పుకోవాల్సినంత తప్పు నేనేమీ చేయలేదు. ఫోటో ఎలా వస్తే అలా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, కండ్లకోయలో నేను పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీ బస్సెక్కుతాను. అక్కడ కెమిస్ట్రీ ల్యాబ్ నాది.

నా మొహం మీద బొల్లి ఉంది. మొదట పెదవి మూల నువ్వుగింజంత తెల్లగా కనిపిస్తే, పాన్ సున్నం అంటిందేమో అనుకుని తుడుచుకున్నాను. నేను పాన్ వేసుకోనని తర్వాత గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎడమ కంటి చుట్టూ, గడ్డం మీద, ఇప్పుడు వేళ్ల మీద కూడా. మేడ్చల్‌లో చర్మం డాక్టరు ఇది అంటుకోదని, ప్రాణానికేం కాదని, మందులు వాడితే తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అని చెప్పాడు. వాడాను, తగ్గలేదు. డాక్టరు రెండు ముక్కల్లో తేల్చిన దాన్ని చుట్టాలు మాత్రం వదల్లేదు. చేపల కూర తిని పెరుగన్నం తిన్నావా అని అడగని మనిషి లేదు. మా అన్నయితే అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ "అలర్జీ, తగ్గిపోతది" అని చెప్పేవాడు.

అన్నను తప్పు పట్టడం లేదు. మచ్చ వచ్చిన కొత్తలో నన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని సికింద్రాబాద్ దాకా ఎంతమంది డాక్టర్ల దగ్గరికో తిప్పాడు. ఎండలో వద్దని తన తువ్వాల నా తలకు చుట్టేవాడు. కానీ బొల్లి అన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

నాకు కోపం తెప్పించింది మచ్చలు కాదు, మనుషుల చూపులు. బస్సులో, కూరగాయల దగ్గర, కాలేజీలో, నాతో మాట్లాడే వాళ్లందరూ నా భుజంతో మాట్లాడటం మొదలుపెట్టారు. కొందరు చెవి కమ్మలతో. చివరికి నేనూ అద్దం చూడటం మానేసి, జడ చేత్తో తడుముకుంటూ వేసుకునేదాన్ని. ఒకరోజు నామీద నాకే ఒళ్లు మండింది. నా మొహాన్ని నేనే చూడకపోతే ఇంకెవరు చూస్తారు? రోజూ చూస్తాను, నలుగురికీ చూపిస్తాను, ఏం చేసుకుంటారో చేసుకోండి అనుకుని ఫోన్ తీశాను.

మొదటి ఫోటోకే నవ్వు వచ్చింది. మచ్చలు కనబడలేదు. ఫోన్ నా మొహమంతా నున్నగా గీసి, మొత్తాన్ని తెచ్చి మచ్చ రంగులో కలిపేసింది. అందులో నేను పిండిబొమ్మలా ఉన్నాను. దానికే పై వాటాలో ఉండే రాజమండ్రి ఆవిడ, "ఎంత కళగా ఉన్నారండీ ఇవాళ!" అని మెసేజ్ పెట్టింది. ఈ లోకం తీరు నాకు అర్థం కాదు. తెల్లగా ఉండాలని అందరికీ ఉంటుంది. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తెల్లబడితేనే ఏడుపు.

ఆ బ్యూటీ మోడ్ ఎక్కడుందో వెతికి ఆపేసింది మా అన్న కూతురు. బీటెక్ చదివినన్నాళ్లూ అది నా దగ్గరే ఉంది. నా పెళ్లి నిలవక ఒంటరిగా ఉంటున్న నా ఇంట్లో దాని చెప్పులూ, దాని చార్జర్లూ, దాని అరుపులే సందడి. "అత్తా, వెల్తురు ఒక్క దిక్కే వడ్తున్నది, ఇటు తిరుగు," అని నేర్పింది కూడా అదే. అప్పుడప్పుడు నా వెనక నుంచి మొహం తోసుకుని ఫోటోలోకి వచ్చేది, తల దువ్వుకోకుండా, నోట్లో బ్రష్షుతో.

వెలుగు గురించి రోజూ ఏదో ఒకటి తెలుస్తూ వచ్చింది. మబ్బు పట్టిన పొద్దున నా మచ్చలు మెత్తగా, అంచులు కరిగినట్టు కనిపిస్తాయి. ఎండాకాలం పొద్దున గీత గీసినట్టు విడిపోతాయి. కంటి చుట్టూ ఉన్న మచ్చ పెరుగుతూ పెరుగుతూ కనుబొమ్మలోకి వెళ్లింది, అక్కడ నాలుగు వెంట్రుకలు తెల్లబడ్డాయి. బాగుంది అనిపించింది. నిజంగానే బాగుంది. ఆ సంగతి పైకి చెబితే పిచ్చెక్కిందంటారని, ఆ రోజు కాస్త దగ్గర నుంచి తీసి పెట్టాను. రాజమండ్రి ఆవిడ మెట్ల మీద ఆపి, "రోజూ అలా పెట్టకండి, దిష్టి తగులుతుందండీ," అంది. "మా చుట్టాలు నన్నే దిష్టిబొమ్మంటరు, నాకేం తగుల్తదండీ," అన్నాను. పాపం, ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అలా సాగుతుండగా మా మేనకోడలికి కీసర వైపు సంబంధం కుదిరింది. పెళ్లిచూపుల రోజు నాకు ల్యాబ్ పరీక్షల డ్యూటీ, అన్నకు కావాల్సిందీ అదే. అబ్బాయి తల్లి ఎంగేజ్‌మెంట్ చీర మీదికి జాకెట్ కొలత పంపమంటే, మా వదినకు ఫోన్‌లో పంపడం రాదని నా నంబర్ ఇచ్చారు. ఆమె నంబర్ సేవ్ చేసుకుని కొలత నేను పంపాను. ఆమె దండం బొమ్మ పెట్టింది. మా ఇద్దరి మధ్య జరిగింది అంతే.

ఓ ఆదివారం అన్న వచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చున్నాడు.

"గా ఫోటోలు జర బంద్ చెయ్యే. పిల్ల లగ్గం అయ్యేదాంక."

"ఎందుకు?"

"ఎందుకేంది? వాళ్లు సూస్తే గీ ఇంటి పిల్లకు గూడ వస్తదేమో అనుకోరా? ఒక్కపాలి వెనుకకు వోయిందంటే ఇంకో సంబంధం వస్తదా?"

"అనుకుంటే అనుకోనియ్."

"నీకేంది, అనుకోనియ్ అంటవ్. బిడ్డ నాది."

ఆ మాట సూటిగా తగిలింది. నాలుగేళ్లు నా చేతి ముద్ద తిన్న పిల్ల అది. జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద గుడ్డ మార్చింది నేను. అవన్నీ అనబోయి ఆగాను. ఒకరోజు ఆపితే రెండో రోజు పౌడర్ రాసుకోమంటారు, మూడో రోజు ఇంట్లోనే ఉండమంటారు. నాకు తెలుసు.

"బంద్ చెయ్య," అన్నాను.

"అయితే ఫంక్షన్‌కు రాకు," అన్నాడు, లేచి వెళ్లిపోయాడు.

మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ వంటింట్లో నిలబడి ఏడ్చాను. మరునాడు పొద్దున కళ్లు ఉబ్బి ఉన్నాయి. అలాగే తీసి పెట్టాను.

అత్త రాకుంటే నేను కుర్చీలో కూర్చోనని మేనకోడలు తండ్రితో గొడవపడిందట. అన్న ఒక మెట్టు దిగాడు. మేకప్ ఆమె వస్తుంది, ఆమెతో మచ్చలు కప్పించుకుంటే రమ్మన్నాడు. కప్పించుకోనని, అయినా వస్తానని కబురు చేశాను. దానికి జవాబు రాలేదు.

ఫంక్షన్ హాల్ శామీర్‌పేటలో. గేటు దగ్గర ఆటో దిగేసరికి పెద్ద ఫ్లెక్సీ కడుతున్నారు. మా దగ్గర ఫ్లెక్సీ లేకుండా చెవులు కుట్టడం కూడా జరగదు. మధ్యలో అమ్మాయీ అబ్బాయీ, కింద వరసగా చుట్టాల తలకాయలు. ఆ వరసలో మూడోది నేను. నా స్టేటస్‌లోంచి తీసిన ఫోటోనే, సందేహం లేదు, కిటికీ వెలుగు ఎడమ పక్కనే ఉంది. మొహం మీద మాత్రం ఒక్క మచ్చ లేదు. కనుబొమ్మలో తెల్ల వెంట్రుకలకు నల్ల రంగు కూడా వేశారు.

తాడు ముడివేస్తున్న ఫ్లెక్సీ షాపతను నన్ను చూశాడు, ఫ్లెక్సీని చూశాడు, మురిసిపోయాడు. "మీదే మస్తు టైం వట్టింది అక్కా. ఒక్కొక్క మచ్చ సాఫ్ చేసిన. అన్న చెప్పిండు."

అతని మీద కోపం రాలేదు. చేతిలో ఉన్న పని చక్కగా చేశాడు. హాల్లోకి వెళితే అన్న నా మొహం చూసి తల తిప్పుకున్నాడు. నేను వెళ్లి ముందు వరసలోనే కూర్చున్నాను. వెనక కూర్చోమంటే అప్పుడు చూద్దాం అనుకున్నాను.

కాసేపటికి కీసర వాళ్లు తాంబాలాలతో దిగారు. ఎదురు వెళ్లాలి కాబట్టి అందరం గేటు దగ్గరికి వెళ్లాం. అబ్బాయి తల్లి పసుపు చీరలో, పొట్టిగా, గట్టిగా ఉంది. లోపలికి రాకుండా ఫ్లెక్సీ కింద ఆగిపోయింది. తలెత్తి చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా భుజాన్ని కాదు, మొహాన్నే చూసింది.

"వదినె, నీ స్టేటస్ నేను రోజు సూస్త. జాకెట్ కొలత పంపినప్పటి సంది," అంది. "మొన్న వాన వడ్డ నాటిది మంచిగుండె. మరి గిదేంది, పైన గట్ల వెట్టిన్రు?"

ఆమె మా అన్న వైపు తిరిగింది. ఇప్పుడు గొంతు మారింది.

"మచ్చలుంటయ్ అన్నా, మనిషన్నంక ఏదో ఒకటి ఉంటది. దాచుడెందుకు? అత్త మొకాన్నే గింత సాఫ్ చేపిచ్చినోళ్లు పిల్ల మొకాన్ని చెయ్యరా? చూడవచ్చిన నాడు మొకం నిండ మేకప్పే ఉండె. అసలు మొకం మేం సూసినమా?"

ఆమె వెనక ఉన్న మగవాళ్లు తాంబాలాలు కింద పెట్టలేదు, ముందుకూ రాలేదు. అన్న మొహంలో నెత్తురు లేదు. నా దగ్గరికి రెండంగల్లో వచ్చి, "ఫోన్ తియ్యే. పిల్లవి మామూలు ఫోటోలు నీ దగ్గర ఉంటయ్ గద. సూపియ్యి వాళ్లకు," అన్నాడు.

ఉన్నాయి. బ్రష్షుతో, జిడ్డు తలతో, ఏ మోడూ లేని ఫోటోలు ఎన్నో ఉన్నాయి. నున్నటి చామనఛాయ మొహం. ఒక్కటి చూపిస్తే అక్కడితో అయిపోయేది. చెయ్యి సంచిలోకి వెళ్లింది కూడా. అప్పుడు తెలిసింది, పిల్లకు లేదు చూడండి అని చూపించడమంటే, నాకు ఉన్నది తప్పే అని వీళ్లందరి ముందూ ఒప్పుకోవడం. చూపించకపోతే పిల్ల సంబంధం పోవచ్చు. నేను కన్నది కాకపోయినా నా పిల్ల. హాలు గుమ్మంలో పట్టుచీరలో నిలబడి మేనకోడలు మమ్మల్నే చూస్తోంది. దానికి అన్నీ వినిపిస్తున్నాయి. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

చెయ్యి సంచిలోంచి తీసేశాను.

"సూపియ్య," అన్నాను. అబ్బాయి తల్లితో నేరుగా మాట్లాడాను. "ఇయ్యాల దానికి లేదు వదినె. రేపు వస్తదో రాదో డాక్టరుకే తెల్వదు, నాకేం తెలుస్తది? లగ్గమయినంక వస్తే వాపస్ పంపుతరా? గది చెప్పున్రి. పంపుతం అంటే ఇప్పుడే పోన్రి."

మా వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అబ్బాయి తల్లి సమాధానం చెప్పేలోపు అన్న మాట్లాడాడు.

"నా చెల్లెకు బొల్లి ఉన్నది. అలర్జీ కాదు, బొల్లి. ఫ్లెక్సీల సాఫ్ చేపిచ్చింది నేనే. ఆమె వద్దనే అన్నది."

అబ్బాయి తల్లి గట్టిగా ఊపిరి వదిలింది. "గీ ముక్క మొదలే అంటే అయిపోతుండె గద," అంది. నా వైపు చూసి, "నాకు లగ్గమయినంక షుగర్ వచ్చింది. నన్నెవరు వాపస్ పంపిన్రు? పంపుతె ఊకుందునా?" అంది. ఎవరో నవ్వారు. ఆమె తన తాంబాలం తెచ్చి మా వదిన చేతుల్లో కాదు, నా చేతుల్లో పెట్టింది. ఎండుకొబ్బరి కుడకలూ, పండ్లూ, జాకెట్‌తో సహా ఆ చీర. బరువుగా ఉంది, అయినా గట్టిగా పట్టుకున్నాను.

ఉంగరాలు మార్చుకున్నాక అందరినీ స్టేజి మీద నిలబెట్టి ఫోటో తీశారు. ఫోటోగ్రాఫర్ నన్ను చూసి, ఇబ్బంది పడుతూ, "మేడం, ఏం ఫికర్ చెయ్యకున్రి, ఎడిటింగ్‌ల చూసుకుంట," అన్నాడు. నేను నోరు తెరిచేలోపు నా పక్క నుంచి అన్న అరిచాడు.

"నా చెల్లె మొకం ముట్టుకోకు."

అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. స్టేజి దిగి, నీళ్ల క్యాన్‌కు ఫోన్ ఆనించి, ఆ రోజు ఫోటో అక్కడే తీసుకున్నాను. కాటుక చెంపల దాకా కారింది, ముక్కు ఎర్రగా ఉబ్బింది, మచ్చలు ట్యూబ్‌లైట్ల కింద ఎన్నడూ లేనంత తెల్లగా ఉన్నాయి. అన్న నా భుజం మీదుగా తొంగి చూసి, "గిది గూడ పెడ్తవా?" అన్నాడు.

పెట్టాను.