ఓక్ చెట్టుకి మూఢం

2023 ఏప్రిల్ ఆఖరు. టెక్సాస్‌లోని కాపెల్‌లో నేను ఆర్బరిస్ట్‌ని, అంటే చెట్లకి డాక్టర్ని. ఒక శనివారం పొద్దున్నే రమేష్ అనే ఆయన ఫోన్ చేశాడు. కొత్తగా ఇల్లు కొన్నారు, మర్నాడే గృహప్రవేశం. పెరట్లో ఈశాన్య మూల పెద్ద లైవ్ ఓక్ చెట్టు ఉంది. ఈశాన్యంలో బరువు పనికిరాదని పంతులుగారు వీడియో కాల్‌లో చూసి చెప్పారట. చెట్టు తీయడం కుదరకపోతే ఇంటివైపు వాలిన కొమ్మలైనా కొట్టేయాలట.

"నేను వచ్చేదాకా ఆకు కూడా తుంచకండి" అని గట్టిగా చెప్పి బయల్దేరాను.

వాళ్ళ వెనక వీధిలో ఒక ఓక్ అప్పటికే ఓక్ విల్ట్‌తో ఎండిపోతోంది. చెట్టులో నీళ్ళు పారే దారుల్ని మూసేసే ఫంగస్ అది. వసంతంలో పచ్చిగా కోసిన చోటికి రసం వాసన పట్టుకుని చిన్న పురుగులు వస్తాయి, రోగాన్ని మోసుకొస్తాయి. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మేం ఓక్‌లకి ప్రూనింగ్, అంటే కొమ్మల కత్తిరింపు, చేయం. పైగా లైవ్ ఓక్‌ల వేళ్ళు నేలలో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒకదానికి సోకితే పక్కింటి చెట్టుకీ దాదాపు సోకినట్టే. పక్కింటి లిండాగారి ఇంటికి నీడ అంటూ ఉంటే ఆవిడ పెరట్లోని ఒక్క ఓక్‌దే.

నేను వెళ్ళేసరికి చెయిన్‌సా చప్పుడు వీధి మొదట్లోనే వినపడింది. రమేష్ నిచ్చెన మీద ఉన్నాడు. ఒక లావు కొమ్మ కింద పడి ఉంది, రెండోదాని మీద రంపం పెట్టబోతున్నాడు.

"ఆపండి! ముందు దిగండి!"

"ఇంకొక్కటే మేడమ్, ఫైవ్ మినిట్స్‌లో కట్ చేసేస్తా. రేపు పొద్దున్నే ముహూర్తం."

ఫంగస్ అన్నాను, పురుగులన్నాను, పక్కింటి చెట్టన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. రంపం మళ్ళీ మోగింది. పెరటి గుమ్మానికి పూలదండ కడుతూ వాళ్ళమ్మ సుభద్రమ్మగారు కనిపించారు. ఒళ్ళు మండి ఆవిడ మీద అరిచాను.

"అమ్మా, ఈ చెట్టుకి ఇప్పుడు మూఢం! జూన్ వెళ్ళేదాకా కత్తి తగలకూడదు!"

ఆవిడ దండ వదిలేసి పరుగున వచ్చారు. "ఏందిరా, మూఢంల చెట్టు కొడుతున్నవా? దిగు ముందుగాల!"

రంపం ఆగింది.

నిచ్చెనెక్కి కోసిన చోట వూండ్ పెయింట్ కొట్టాను. పురుగులు రాకుండా గాయాన్ని మూసే రంగు అది. కోసిన వెంటనే కొట్టాలి, అప్పటికే ఆలస్యమైంది. రోగం పడితే రెండిళ్ళ చెట్లూ దక్కడం కష్టమని, లిండాగారికి ఇవాళే చెప్పాలని అన్నాను. రమేష్ మొహం పాలిపోయింది. "నేనే చెప్తా" అని వెళ్ళాడు.

ఆ ఎండాకాలమంతా నాకు మనసు మనసులో లేదు. విల్ట్ పడితే ఆకు పచ్చగానే ఉండి ఈనెలు మాడతాయి. సుభద్రమ్మగారు రాలిన ఆకులు ఏరి పళ్ళెంలో పెట్టి వారం వారం చెట్టు చూడ్డానికి వెళ్ళే నాకోసం ఎదురుచూసేవారు. మే నెలలో ఒక పళ్ళెం నిండా ఈనెలు గోధుమరంగు తిరిగిన ఆకులు చూపించారు.

"బతుకుతదా బిడ్డా?"

కొమ్మ ముక్కలు ల్యాబ్‌కి పంపాను. విల్ట్ కాదని రిపోర్ట్ వచ్చిన రోజు ట్రక్కులో కూర్చుని ఏడ్చేశాను.

జూలైలో రంపం తీసుకుని వెళ్ళి, "మూఢం వెళ్ళిందమ్మా, మిగిలిన కొమ్మ కొట్టమంటారా?" అని అడిగాను.

"ఇన్ని దినాలు బతుకుతదా, సస్తదా అని చూసిన చెట్టు. ఇప్పుడు కొట్టుమనడానికి నోరెట్ల వస్తది?"

"మరి ఈశాన్యంలో బరువో?"

"ఆ మూల దేవుడుంటడంటరు గదా. చెట్టు నీడకు ఉంటడు తియ్."

ఇప్పుడు వసంతంలో ఏ తెలుగువాళ్ళ ఇంటినుంచి ఓక్ కొట్టాలని ఫోన్ వచ్చినా, ఫంగస్ మాట ఎత్తకముందే అడుగుతాను: "ఇంట్లో అమ్మగారున్నారా? ఒకసారి ఫోన్ ఇవ్వండి."