దింపుడు కళ్లం దగ్గర ఆగయ్య

ఆగయ్యకు పాతబస్తీ అంతా తెలుసు. తెలుసు గానీ, మీకూ నాకూ తెలిసినట్టు కాదు. మనం ఫలానా హోటల్ పక్క గల్లీ అంటాం, ఆయన ఫలానా ముసలమ్మను ఎత్తిన గల్లీ అంటాడు. పురానాపూల్ బస్తీలో పుట్టి, చేతికి సత్తువ వచ్చినప్పటి నుంచి శవయాత్రల ముందు డప్పు కొట్టినవాడు మరి! అరవై దాటిన ఈ మనిషి నడవని వీధి ఆ చుట్టుపక్కల లేదు. వెనకాల పాడె లేకుండా నడిచిన వీధి మాత్రం అడిగితే చెప్పలేడు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏడు ఆయన భార్య సుందరమ్మ దవాఖానలో పోయింది. ఆనాటి నుంచి ఆగయ్య డప్పు ముట్టలేదు. ఎట్లా ముడతాడు? ఊరందరి పీనుగులకూ ముందు నడిచినవాడికి సొంత పెళ్లాం ముఖం కడసారి చూసే రాత లేకపోయింది. సంచిలో చుట్టి, బండిలో తీసుకుపోయి, ఊరవతల ఎక్కడో కాల్చేశామని ఫోన్‌లో చెప్పారు. డప్పు లేదు, పాడె లేదు, దింపుడు కళ్లం లేదు.

ఆ దింపుడు కళ్లమే ఆయన్ను తినేస్తోంది. సగం దారిలో పాడెను కిందికి దించి, అయినవాళ్లు శవం చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఏ మూలనో ప్రాణముంటే పలుకుతారని ఆశ. ఆ కాసేపూ డప్పు ఆగిపోవాలి. ఆగయ్య తండ్రి మాత్రం ఇంకో మాట చెప్పేవాడు. "పిలిచేది మనకోసం గాదు బిడ్డా. పోయినోళ్లు మూడుసార్లు పలకబోతరు, నోరు రాదు. అయ్యో, నేను పోయిన్నా అని అప్పుడు తెల్సుకుంటరు. తెల్సుకుంటెనే కదులుతరు."

సుందరమ్మకు ఎవరు తెలియజేశారు? ఎవరూ చెప్పలేదు. అందుకే ఆమె ఇంట్లోనే తిరుగుతోందని ఆగయ్య నమ్మకం. పొద్దున బిందె మీద మూత జరిగి ఉంటుంది. మధ్యాహ్నం కాస్త కునుకు పడితే చాలు, వంటింటి బండల మీద మెట్టెల చప్పుడు. లేచి చూస్తే ఎవరూ ఉండరు. దాచుకోవడం దేనికి, భయం వేస్తుంది. చప్పుడు వినపడని రోజున అంతకన్నా ఎక్కువ భయం వేస్తుంది. తిండి తగ్గి మనిషి సగమయ్యాడు.

చూడలేక ఇద్దరు స్నేహితులు ఒక శనివారం పొద్దున్నే వచ్చి తలుపు కొట్టారు. ఒకడు డానియేలు, ఆర్టీసీలో డ్రైవరు చేసి రిటైరైనవాడు. రెండోవాడు సోమయ్య. ఆగయ్య పక్కన ఏళ్ల తరబడి డప్పు కొట్టినవాడు, నోరు మూసుకుని కూర్చోవడం చేతకానివాడు.

"లెవ్ భాయ్, ఇయ్యాల సైర్ చేద్దాం. ఏడేడికెల్లో వచ్చి చార్మినార్ కాడ ఫోటోలు దిగుతుండ్రు. ఈడ పుట్టినోళ్లం, మనం ఒక్కనాడన్న నిమ్మలంగ చూసినమా?" అన్నాడు డానియేలు.

"ఎనక పీనుగు లేకుంటె అన్నకు కాళ్లు కదలయ్. కావాల్నంటె నేను పండుకుంట, మోసుకపోండ్రి," అన్నాడు సోమయ్య.

చాలా రోజులకు ఆగయ్య నవ్వాడు. ఆటోలో నయాపూల్ దాకా పోయి, అక్కడి నుంచి నడక మొదలుపెట్టారు. నడిచారన్న మాటే గానీ, ఏం సైరు అది! ప్రతి మలుపులోనూ ఆగయ్యకు ఒక చావే.

"గీ బట్టల దుకాణం పెద్ద సేటును మస్తు ఎండల ఎత్తినం. గా మేడ మీది పోరడు, పాపం, పెండ్లయి నెల తిరగలే."

"అరే భాయ్, జర బతికినోళ్లను గూడ చూడు!" అని డానియేలు కసిరాడు. చాయ్ తాగించాడు, ఉస్మానియా బిస్కెట్ తినిపించాడు. ఆగయ్య తిన్నాడు. ఎండ పొడిచినా ముఖం మాత్రం తేటపడలేదు.

లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం ముందు ఆయన కాళ్లు ఆగాయి. కుర్చీలోంచి దుకాణదారు పిలిచాడు. "ఆవో చాచా! సైజ్ క్యా హోనా?"

"దో చార్," అన్నాడు ఆగయ్య, సుందరమ్మ చేతి కొలత అడగడమే ఆలస్యమన్నట్టు.

"రంగ్?"

ఆగయ్య వెనక్కి తిరిగి, "ఏ రంగు గావాలె?" అని అడిగాడు. అడిగిన వైపు ఎవరూ లేరు. డానియేలు, సోమయ్య ఇద్దరూ అటుపక్కన నిలబడి ఉన్నారు. సోమయ్య గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఆ కంగారులో ముందు ఎవరు నడుస్తున్నారో ఎవరూ చూసుకోలేదు. హుస్సేనీ ఆలం దాటారు, దూద్‌బౌలి దాటారు. ఆగయ్య నడక మారింది. నాలుగడుగులు వేయడం, ఆగడం, వెనక వచ్చేవాళ్లు అందుకున్నారా అని తిరిగి చూడటం. పాడె ముందు నడిచే ఆ నడక సోమయ్యకు తెలియదా!

"అన్నా, ఏడికి తోల్కపోతున్నవు?"

ఆగయ్య ఉలిక్కిపడి చూశాడు. పురానాపూల్‌కు ఇవతల, పాడెలు దించే గోడ వార నిలబడి ఉన్నారు. పక్కన జామకాయల బండి, వరసగా స్కూటర్లు.

"నా కాళ్లకు వేరే తోవ తెల్వదురా," అన్నాడు.

సోమయ్య ఈసారి వేళాకోళం చేయలేదు. "మంచిదే అయింది. వదినె గూడ నీ ఎనకనె వచ్చి ఉంటది. ఈడనే పిలువన్నా. తెలియజెయ్యి. ఇంకెన్నేండ్లు గట్ల తిరుగుతది పాపం!"

డానియేలు సిలువ గుర్తు వేసుకుని, టోపీ తీసి పట్టుకున్నాడు.

ఆగయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. కాపురం చేసినన్నాళ్లూ ఆమెను పేరు పెట్టి పిలిచినవాడు కాదు. నేల మీదికి వంగి, "ఇగో," అన్నాడు, ఇంట్లో నీళ్లడిగినట్టే. చెవి ఒగ్గి ఉన్నాడు. హారన్లు తప్ప ఏమీ లేదు.

"సుందరమ్మా!"

జామకాయలు బేరమాడుతున్న ఆడమనిషి తిరిగి చూసి, తనను కాదని మళ్లీ బేరంలో పడింది. ఆగయ్య వింటూనే ఉన్నాడు. ఆయన ముఖం చూడలేక డానియేలు తల తిప్పుకున్నాడు.

"ఇంకొక్కసారి అన్నా," అన్నాడు సోమయ్య.

ఆగయ్య నోరు తెరిచాడు. మూసేశాడు.

"పిలువ."

"ఎందుకన్నా? ఒక్కటే గద మిగిలింది!"

"గందుకే. ఇప్పుడంటె ఇనలేదేమో అనుకుంట. మూడోసారి గూడ పలకకపోతే పోయినట్టే గదరా? ఇంట్ల నేనొక్కణ్ణే అయిత గదరా?"

గోడ పట్టుకుని లేచాడు. మోకాళ్లకంటిన మట్టి దులుపుకున్నాడు. స్నేహితుల వైపు చూడకుండా, తన పక్కకు తిరిగి, "పా, ఎండ కొడుతుంది. ఇంటికి పోదాం," అన్నాడు.

ఆ మాట తమతో కాదని ఇద్దరికీ అర్థమైంది. ఆయన కొంత దూరం పోయేదాకా వాళ్లు కదలలేదు.