కరెంటు పోయిన ఎండాకాలం, అమ్మ ఫ్రీజరు

మా చిన్నప్పుడు... చిక్కడపల్లిల మేముండే కిరాయి ఇంట్ల ఒక పాత ఫ్రిజ్ ఉండేది. దాని పైఅరల ఫ్రీజరు చెప్పుల డబ్బా అంత. మిగతా ఇండ్లల్ల అది ఐసు కోసం. మా ఇంట్ల ఒక ఏడాది సంసారమే దాని మీద నడిచింది...

ఆ దసరాకు బాపు పనిచేసే కంపెనీ మూతపడ్డది. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు. పొద్దున్నే ఇస్త్రీ బట్టలేసుకొని, టిఫిన్ డబ్బా పట్టుకొని, పని వెతుక్కుంట సైకిల్ మీద తిరిగేటోడు.

టమాటలు అగ్గువైన రోజు అమ్మ సంచి నిండ తెచ్చి, ఉడకబెట్టి, రుబ్బి, కడిగి ఆరబెట్టిన పాల కవర్లల్ల పోసేది. పలకల్లెక్క పలచగ పరిస్తే తొందరగ గడ్డకడ్తయి, జాగా కూడ కలిసొస్తది అనేది. చలికాలంల ఒలిచిన బఠాణీలు, మిగిలిన కొబ్బరి తురుము, నిమ్మరసం... ఏదీ పారేసేది కాదు. పూటకు ఒక్క కవరే బయటికి తీసేది.

ఎండాకాలంల మా గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అమ్మ ఫ్రిజ్‌కు బొంత కప్పి, తలుపు ముట్టుకోవద్దన్నది. మర్నాడు కింద నీళ్లు కారుడు మొదలైంది. తుడుస్త తుడుస్త అమ్మ అక్కడనే కూలబడ్డది... ఆమెను అట్ల ఎన్నడు చూడలే. నాకు భయమైంది.

కవాడిగూడల మా మేనత్త ఇంట్ల కరెంటున్నది. కానీ ఉద్యోగం పోయినప్పటి నుంచి బాపు ఆ గడప తొక్కలే. మామ ముందల చులకనైతనని.

"ఇవి కూడ పోతే నెల గడవది. మీ చెల్లె ఇంటికి తీస్కపోండి" అన్నది అమ్మ.

 బాపు కవర్లన్నీ గోనెసంచిల చుట్టి సైకిల్‌కు కట్టి, నన్ను ముందల కూసోబెట్టుకున్నడు. 

అత్త సంచి విప్పింది. ఆ కవర్లు చూసింది, ఆఫీసు టైముల ఇంటికొచ్చిన అన్న మొఖం చూసింది. తన ఫ్రీజర్ల ఉన్న ఐసు డబ్బాలన్నీ సింకుల బోర్లించి మావి సర్దింది.

"ఎప్పటి సంది అన్నా?" అన్నది మెల్లగ.

"దసరా సంది" అన్నడు బాపు. తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. భుజాలు కదులుతుంటే నేను వేరే దిక్కు చూసిన...

మామ ఒక్క మాట అనలే. కొన్నాళ్లకు కోఠిల తెలిసిన బట్టల దుకాణంల బాపుకు పని ఇప్పిచ్చిండు. జీతం తక్కువ, అయినా బాపు చేసిండు. ఇల్లు నిలబడ్డది. కానీ ఆ తర్వాత అత్తోళ్లింటికి ఎప్పుడు పోయినా... బాపు కుర్చీ అంచు మీదనే కూసునేటోడు.

ఇప్పుడు నాకు పెద్ద ఫ్రిజ్, ఇన్వర్టర్ అన్నీ ఉన్నయి. లోపల ఏం పెట్టిన్నో మర్చిపోయి పారేస్తున్న కూడ. సంచి పట్టుకొని ఎవరి తలుపూ కొట్టే అవసరం లేదు... పక్క ఫ్లాట్ల ఎవరికి పని పోయిందో కూడ తెల్వదు.

మీ ఇంట్ల ఇట్ల గుట్టుగ గడిచిన రోజులుంటే... ఇక్కడ చెప్పుకోండి, వింట.