తిమోతి మార్చిన అభ్రకపు రేకులు

ఆ నెలలో అది మూడోసారి. తిమోతి గ్రామఫోను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సౌండుబాక్సు విప్పి, పాత చొక్కా గుడ్డ మీద ఒక్కో ముక్కా పరిచాడు. అరచేతిలో ఇమిడే గుండ్రటి డబ్బా అది. దాని ముఖానికి అద్దంలా ఒక అభ్రకపు రేకు ఉంటుంది. రికార్డు మీద ముల్లు నడిచినంతసేపూ ఆ రేకు వణుకుతుంది. పాటంటే ఆ వణుకే.

"మైకా మెత్తబడిపోయింది సామ్రాజ్యం," అన్నాడు. "క్లారినెట్టు పైకి పోతుంది చూడు, ఆ కొస అందటం లే. ఉప్పుగాలికి తేమ పట్టినట్టుండాది."

వాకిట్లో చేపలు తోముతున్న సామ్రాజ్యం తలెత్తలేదు. "అట్నే ఉండాదయ్యా," అంది, అవసరమైనదానికన్నా గట్టిగా.

ఆ కొస ఆమెకు అందింది. ఇందాక అది ఇంటి కప్పు మీద వాలిన కాకిని కూడా లేపింది. రేకులో ఏ లోపమూ లేదు. లోపం ఎక్కడుందో చిట్టమూరులో ఇద్దరికే తెలుసు, ఆమెకూ, రోజూ అతనికి సూది వేసే కాంపౌండరు హజరత్తయ్యకూ. తిమోతి చెవులు పోతున్నాయి. అవి పోయేది సూదిమందు వల్లనే. ఆ సంగతి తెలిస్తే అతను సూదులు మానేస్తాడు. మానేస్తే మనిషే మిగలడు.

తిమోతి ఇరవయ్యేళ్ళు గూడూరు మైకా ఫ్యాక్టరీలో రేకులు చీల్చాడు. గనిలోంచి వచ్చిన అభ్రకం మూసిన పుస్తకంలా ఉంటుంది. అంచున కత్తిమొన ఆనించి పుటలు విడదీయాలి. అందరూ కళ్ళతో చూసి చీల్చేవాళ్ళు, తిమోతి వేళ్ళతో చూసి చీల్చేవాడు. రేకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి ఆడించి, "ఇందులో ఇంకా రెండు పొరలుండాయి," అనేవాడు. విడదీస్తే రెండే వచ్చేవి. "వీడి వేళ్ళకు కళ్ళుండాయిరా," అని మేస్త్రీ పెంచలయ్య కొత్తవాళ్ళను పిలిచి చూపించేవాడు.

యాభై ఏడులో ఒక రైల్వే గార్డు, ఆంగ్లో ఇండియన్ దొర, పగిలిన సౌండుబాక్సు జేబులో వేసుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. పెంచలయ్య ఆ పని తిమోతికి అప్పగించాడు. తిమోతి ఒక రేకు చీల్చి, గుండ్రంగా కత్తిరించి, అంచుకు సైకిలు వాల్వు ట్యూబు చుట్టి, నడుమ తేనెమైనం చుక్కతో అతికించాడు. సాయంత్రం గార్డు క్వార్టర్సుకు వెళ్ళి బిగించాడు. గార్డు ఒక రికార్డు పెట్టాడు.

అప్పటికి తిమోతి ఎరిగిన సంగీతం రెండే రకాలు, చర్చిలో కీర్తనలూ, పెళ్ళిళ్ళలో బ్యాండుమేళమూ. ఇందులోనూ ఆ మేళం వాద్యాలే ఉన్నాయి. అదే ట్రంపెట్టు, అదే క్లారినెట్టు, అదే డ్రమ్ము. కానీ ఎవరూ ఎవరి వెనకా నడవడం లేదు. అందరూ ఒక పాట గుమ్మంలో బయలుదేరి తలో సందూ పట్టారు. ఒకడు ఏడ్చాడు, ఒకడు వాణ్ణి వెక్కిరించాడు, ఇక తప్పిపోయారనుకున్నచోట మలుపు తిరిగి ఒకరికొకరు ఎదురయ్యారు. అదంతా తన చేతి రేకులోంచి వస్తోంది. ఇన్నేళ్ళూ తను చీల్చి, పెట్టెలకెత్తి, ఓడల్లో తెలియని దేశాలకు పంపిన రేకులన్నీ అక్కడెక్కడో ఇట్లా పలుకుతూ ఉంటాయా అనిపించి తిమోతికి ఒళ్ళు జలదరించింది.

"దీన్నేమంటారు దొరా?"

"జాజ్," అన్నాడు గార్డు. "బాగుందా?"

తిమోతికి బాగుందో లేదో చెప్పడం చేతకాలేదు. "ఇంకోసారి పెట్టండి," అన్నాడు.

రెండేళ్ళకు గార్డు ఉద్యోగం విరమించుకుని బెంగుళూరు పోతూ, ఆ గ్రామఫోనునూ పదకొండు రికార్డులనూ తిమోతి చేతుల్లో పెట్టాడు. అక్కడినుంచి తిమోతి సెలవు దొరికిన శనివారమల్లా ప్యాసింజరు ఎక్కి మద్రాసు వెళ్ళేవాడు. మూరు మార్కెట్టులో పాత రికార్డుల గుట్టల ముందు గొంతుక్కూచునేవాడు. చీటీ మీద పేరు చదవడానికి ముందు రికార్డును ఏటవాలుగా ఎండకు పట్టేవాడు. అభ్రకంలో మచ్చ వెతికిన కన్ను కదా, గాడి ఎక్కడ అరిగిందో, ఎక్కడ బూర గట్టిగా ఊదారో ఆ నిగనిగలోనే తెలిసిపోయేది. అట్లా ఆ పదకొండు రికార్డులు నలభై దాటాయి. సామ్రాజ్యానికి ఆ గోల ఎక్కలేదు. అయినా ఆమె వాటి మీద సవతిపోరు పెట్టుకోలేదు. ఒక వానాకాలం గూడూరింట్లోకి నీళ్ళొస్తే ముందు రికార్డులు అటకెక్కాయి, తర్వాత బియ్యం, ఆ తర్వాత ఆమె. దాన్ని ఆమె నవ్వుతూనే అందరికీ చెప్పుకునేది.

అరవై ఒకటి వేసవిలో దగ్గు మొదలైంది. అంతకాలం పీల్చిన ధూళి రొమ్ములో నిలవచేరింది, దాని మీద క్షయ వచ్చి కూర్చుంది. నెల్లూరు డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి పట్టి చూపించాడు. తొంభై సూదులన్నాడు, రోజుకొకటి. సముద్రపు గాలి తగిలే చోట ఉంటే మంచిదన్నాడు. సామ్రాజ్యం పుట్టిల్లు చిట్టమూరు. బస్సులో వస్తున్నంతసేపూ ఆమె రికార్డుల మూటను ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా పసిబిడ్డను ఎత్తినట్టు పైకెత్తి పట్టుకుంది.

వచ్చిన వారానికే ఎదురింటి కామమ్మ గుమ్మంలో నిలబడి, "ఏందయ్యా తిమోతీ, ఎవరి పెళ్ళి? పెళ్ళికొడుకు పారిపోయినట్టుండాడే, మేళగాళ్ళు తలోదిక్కూ పోయి ఎతుకుతుండారు!" అంది. తిమోతి దగ్గు తెర కమ్మేదాకా నవ్వాడు. గార్డు దొరతో సహా ఎవరూ ఆ సంగీతాన్ని అంత బాగా చెప్పలేదన్నాడు.

ముప్పయ్యో సూది నాటికి దగ్గు తగ్గింది. కానీ నడిస్తే తూలుతున్నాడు. ఆ రోజు హజరత్తయ్య సామ్రాజ్యాన్ని పక్కకు పిలిచాడు.

"అమ్మా, ఆయనకి చెవుల్లో కూత పుడతుండాదా?"

"ఈలేసినట్టుండాదన్నాడు. గూడూరు టేషను ఇంకా వదల్లేదయ్యా నిన్ను అని నవ్వినా."

"నవ్వే సంగతి కాదమ్మా. ఈ మందు కొందరికి చెవులు తీసేస్తాది. ముందు సన్న శబ్దాలు పోతాయి. తర్వాత మాటలు."

"మళ్ళా వస్తాయా?"

"పోయినవి రావు."

"ఆపేస్తే?"

"నడిమధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తాది. ఇంక ఏ మందుకీ లొంగదు. నెల్లూరు డాక్టరుగారికి ఉత్తరం రాసినా. ఆయనా అదే చెప్పినాడు."

సామ్రాజ్యం స్టవ్వు మీద గిన్నెలో ఉడుకుతున్న సూదిని చూస్తూ నిలబడింది. "ఆయనకి చెప్పాల్నా?"

"చెప్పాల్సిందే," అన్నాడు హజరత్తయ్య. మళ్ళీ తనే, "చెప్తే రేపు వస్తాడా?" అని అడిగాడు.

అటక మీదికి ముందు ఏది ఎక్కిందో ఆమెకు తెలుసు. ఇంటికి వచ్చి ఏమీ చెప్పలేదు. నాలుగు రోజులకు తిమోతి సౌండుబాక్సు విప్పి, రేకు మీద అనుమానం పడ్డాడు. ఆమె ఆ అనుమానాన్ని చేతులెత్తి దండం పెట్టుకున్నట్టు అందుకుంది. ఔను, రేకే, అంది. అంతకుముందు అతనితో ఆమె ఆడిన అబద్ధాలు కూరలో ఉప్పు పాటివి.

అప్పటినుంచి ఆమె గొంతు పెంచింది. ఒక్కసారిగా కాదు, దీపం వత్తిని ఎగదోసినట్టు రోజుకు కాస్త. అతని ఎదుటికి వచ్చి, ముఖం చూపించి మాట్లాడేది. వీధివాళ్ళు మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటున్నారనుకున్నారు.

"నోట్లో నాలిక లేనిదానివి, మొగుడికి జబ్బొస్తే నీకు నోరొచ్చిందే!" అంది కామమ్మ.

తిమోతి పెంచలయ్యకు కబురంపి మంచి అభ్రకం తెప్పించుకున్నాడు. కిటికీ దగ్గర కూర్చుని పొర వెనక పొర విడదీశాడు. ఒక్కో రేకూ ముందుదానికన్నా పలచన. చాపల మీద, గడప మీద, వండిన అన్నంలో కూడా కాకిబంగారం మెరిసేది. రేకు పలచబడేకొద్దీ పాట పదునెక్కింది. ఆ పదును సామ్రాజ్యానికే తగిలింది. వినక తప్పని చెవులతో వింటూ వింటూ ఆమె ఆ సందులన్నీ నేర్చుకుంది. ఎవడు ఏ మలుపులో ఎదురొస్తాడో ఆమెకిప్పుడు తెలుసు. క్లారినెట్టు పైకి పాకుతూ పాకుతూ, ఇక మెట్టు లేదన్నచోట గాలిలో కాలు పెడుతుంది. ఆ క్షణాన చేతిలో పని ఆగిపోయేది. అప్పుడే లోపలినుంచి అతని గొంతు, "ఊహూఁ, అందటం లే," అనేది.

అరవై రెండో సూది పడింది ఆదివారం నాడు. చర్చినుంచి రాగానే తిమోతి ఐదో రేకు బిగించాడు. ఊపిరి తగిలితే అదిరేంత పలచన. కొత్త ముల్లు పెట్టి, కీ తిప్పి, చెవి బాగా దగ్గరికి వంచాడు. క్లారినెట్టు ఇల్లంతా నిండి వీధిలోకి పొర్లింది. కామమ్మ నవ్వుతూ గుమ్మంలోకి వచ్చింది. ఆమె తన పాత హాస్యమే మళ్ళీ ఆడుతోంది, పెళ్ళికొడుకూ, మేళగాళ్ళూ. కానీ ఈసారి రెండు చెవుల్లోనూ రెండు వేళ్ళు గట్టిగా దూర్చుకుని ఉంది.

తిమోతికి ఆమె మాటలు అందలేదు. వేళ్ళు కనిపించాయి.

అతను ఆ వేళ్ళను చూశాడు. తిరుగుతున్న రికార్డును చూశాడు. తర్వాత సామ్రాజ్యం ముఖం చూశాడు. మెల్లిగా ముల్లు ఎత్తాడు. ఏదో అయిందని తెలిసి కామమ్మ చేతులు దించుకుని వెళ్ళిపోయింది.

"రేకు బాగుండాదా?" అన్నాడు.

"బాగుండాది."

"ముందుదీ?"

"అదీ."

"దాని ముందుదీ?"

సామ్రాజ్యం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"చెవుల్లో ఈ కూత... సూదులా?"

ఆమె తల ఊపింది. అతను కోప్పడితే పట్టుకోవడానికి ఆమెకు ఏదో ఒకటి దొరికేది. అతను కోప్పడలేదు. తీసి పక్కన పడేసిన నాలుగు పాత రేకులనూ కిటికీ మీదినుంచి తెచ్చుకుని, ఒక్కొక్కటే చొక్కా గుడ్డతో తుడిచాడు. "వీటి తప్పేం లేదే," అన్నాడు, తనలో తాను.

మర్నాడు సూదివేళకు అతను లేవలేదు.

"ఇంకెన్ని?"

"ఇరవై ఎనిమిది!" ఆమె దాదాపు అరిచింది.

"వారం ఆపమను. ఒక్కో రికార్డు ఒక్కసారి ఇంటా. తర్వాత పొడుచుకోమను."

ఆమె పరుగున వెళ్ళి హజరత్తయ్యను తీసుకొచ్చింది. అతను సూదిపెట్టె తలుపు దగ్గరే పెట్టి నిలబడ్డాడు. "వారం ఆపకూడదన్నా," అన్నాడు గట్టిగా.

"ఆపితే చెవులు నిలబడతాయా?"

"చెప్పలేనన్నా."

"పొడిస్తే నేను నిలబడతానా?"

"నిలబడతావనే పొడుస్తుండా."

ఆ గదిలో ఎవరి దగ్గరా అంతకన్నా గట్టి మాట లేదు. తిమోతి భార్యవైపు తిరిగాడు. ఆమెకు రెండు మాటలు ఒకేసారి నోటిదాకా వచ్చాయి. సూది వద్దులే, విను. పాట వద్దులే, బతుకు. ఒకటి రెండోదాన్ని దాటి రాలేక, రెండూ లోపలే ఉండిపోయాయి. ఆమె చేతులు వేలాడేసుకుని నిలబడింది. ఆ ఖాళీ చేతుల్ని అతను చాలాసేపు చూశాడు.

తర్వాత చొక్కా చేయి పైకి మడిచాడు. "ఏదో ఒకటి పెట్టు సామ్రాజ్యం," అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి ఆమె కీ తిప్పి, ముల్లును గాడిలో దించింది. సూది పడుతున్నంతసేపూ తిమోతి కళ్ళు ఆమె మీదనే ఉన్నాయి, ఆమె వింటోందా లేదా అని.

క్రిస్మసు దాటాక నెల్లూరు డాక్టరు కొత్త ఫిల్మును కిటికీకి పట్టి, మచ్చ ఆరిపోయిందన్నాడు. ఆ మాట సామ్రాజ్యం పలక మీద రాసి చూపించింది. తిమోతి ఒళ్ళు చేశాడు, తూలకుండా నడవడం మళ్ళీ నేర్చుకున్నాడు. చర్చి గంట కింద నిలబడినా అతనికి ఏమీ వినపడదు. రికార్డులు మూటలో ఉండిపోయాయి. ఆమె ఒక్కతే వాటిని పెట్టుకుని వినడానికి ప్రాణం ఒప్పలేదు. వినకుండా ఉండలేక, గిన్నెలు తోముకుంటూ ఆ పాట సందుల్లో తనే కూనిరాగంతో తిరిగేది. తిమోతి చూస్తే పెదవులు మూసుకునేది.

ఒక మధ్యాహ్నం అతనే మూట విప్పాడు. కీ తిప్పి ఆ క్లారినెట్టు రికార్డే పెట్టాడు. కాసేపు ఊరికే కూర్చుని చూశాడు. తర్వాత చూపుడువేలు చాచి, తిరుగుతున్న రికార్డు మీద మెల్లగా కదిలే సౌండుబాక్సు ముఖానికి, ఆ పలచటి రేకుకు ఆనించాడు.

వేలు తగలగానే పాట గొంతు నొక్కుకుపోయింది. ఇంట్లో ఇసుక రాపిడి లాంటి చప్పుడొకటే మిగిలింది.

తిమోతి ముఖం విప్పారింది. "వచ్చింది సామ్రాజ్యం!" అని కేకపెట్టాడు, తన కేక ఎంత పెద్దదో తెలియక. "పైకి పోతుండాది చూడు... పోతుండాది... అదిగో, కొస! ఇంటుండావా?"

అతను వేలు తీస్తే ఆమెకు వినపడుతుంది. తీయకపోతే అతనికి. సామ్రాజ్యం ఆ వేలినే చూస్తూ, వింటున్నానని తల ఊపింది. ఇసుక రాలుతున్నంతసేపూ ఊపుతూనే ఉంది.

ఎదురింటి అరుగు మీదినుంచి కామమ్మ అడిగింది, "ఏందే, ఇప్పుడే పెట్టి అప్పుడే ఆపేసినారా?"

"ల్యాదక్కా," అంది సామ్రాజ్యం. "పాడతానే ఉండాది."