ఎక్కడయ్యగారి దించే చోటు

మా ఎదురింటి ఎక్కడయ్యగారికి ఒక్కటే జబ్బు. దించే చోటు చూడకుండా ఏదీ ఎత్తడు. తను ఎత్తడు, ఇంకొకళ్ళని ఎత్తనివ్వడు. మీరు కూరగాయల సంచి ఎత్తబోయినా, నీళ్ళ బిందె ఎత్తబోయినా, ఆఖరికి ఏడుస్తున్న మనవణ్ణి ఎత్తుకోబోయినా పక్కనుంచి ఒక నెమ్మదైన గొంతు వినిపిస్తుంది: "ఎక్కడ దించుతారు?" ఆ ప్రశ్న కింద పడి ఆయన అసలు పేరు నలిగిపోయింది. ఆ పేరు చెప్పి ఇల్లు అడిగితే మా వీధిలో ఎవరికీ తెలియదు. ఎక్కడయ్యగారిల్లు ఎక్కడంటే మాత్రం పాలవాడు కూడా చెయ్యెత్తి చూపిస్తాడు.

ఉద్యోగం మ్యూజియంలో. అక్కడ వస్తువుల గురించి చెప్పేవాళ్ళు వేరు, రాసేవాళ్ళు వేరు. వాటిని ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చడం, పాడవకుండా దాచడం ఈయన పని. "అంటే హమాలీ పనా నాయనా?" అని మొదట్లోనే అడిగేశాను. కడుపులో దాచుకుంటే నాకు అన్నం అరగదు. ఆయనేమీ నొచ్చుకోలేదు. "హమాలీ పనే పెద్దమ్మా. కాకపోతే నేను మోసేవి పగిలితే మళ్ళీ బజారులో దొరకవు" అన్నాడు.

ఆయన మా ఎదురింట్లో దిగిన రోజు వీధంతా పనులు మానుకుని చూసింది. సామాన్ల లారీ పొద్దున్నే వచ్చింది. మధ్యాహ్నమైనా ఒక్క సామానూ దిగలేదు. మొగుడూ పెళ్ళాం మాత్రం మెట్లెక్కుతున్నారు, దిగుతున్నారు. ఆవిడ వెనక్కి నడుస్తోంది, ఆయన ముందుకి. ఇద్దరూ చేతులు బారచాచి మధ్యలో ఏదో పట్టుకున్నట్టు నడుస్తున్నారు. చూస్తే మధ్యలో గాలి తప్ప ఏమీ లేదు.

"కొంచెం వంచు. నీ వెనక గోడ. ఆగు, ఊపిరి తీసుకో" అంటున్నాడాయన.

పిట్టగోడ మీంచి ఎంతసేపని చూస్తాను? చీపురు పట్టుకుని, వీధి ఊడ్చే మిషతో వాళ్ళ గుమ్మం దాకా ఊడ్చుకుంటూ వెళ్ళాను.

"ఏం మోస్తున్నారు నాయనా?"

"బీరువా అండీ."

"ఏదీ?"

"లారీలో ఉంది."

"మరి మీ చేతుల్లో ఉన్నది?"

"ఇది ఖాళీ నడకండీ. ముందు ఉత్త చేతులతో నడిస్తే ఎక్కడ ఇరుక్కుంటామో తెలుస్తుంది. అదిగో, మలుపు దగ్గర ఇరుక్కుంది, చూశారా?"

చూశాను. లేని బీరువా మలుపు దగ్గర ఇరుక్కున్న మాట నిజం. ఆవిడ మోచెయ్యి గోడకి గీరుకుని ఎర్రబడింది కూడా.

"అత్తయ్యగారూ, ఉన్న బీరువా అయితే ఒకసారి మోస్తే అయిపోయేది. ఇది ఎన్నిసార్లు మోసినా లోపలికి రావట్లేదు" అంది ఆవిడ చెమట తుడుచుకుంటూ. లారీ డ్రైవరు అప్పటికే టైరుకి చేరగిలబడి నిద్రపోయాడు.

టీ సంగతి ఇంకో కథ. మా ఇంటికొస్తే గ్లాసు ఇస్తాను. పుచ్చుకోడు. ముందు స్టూలు వంక చూస్తాడు. దానిమీద పేపరు, పేపరు మీద నా కళ్ళజోడు, పక్కన ఒలిచిన బఠాణీలు. అవన్నీ తీసి, గ్లాసు పట్టేంత చోటు చేసి చూపిస్తే అప్పుడు చెయ్యి చాస్తాడు. చెవి ఉన్న కప్పులో ఇచ్చానా, చెవి పట్టుకోడు.

"కప్పుని చెవి పట్టుకుని ఎత్తడం, మనిషిని చెవి పట్టుకుని ఎత్తడం ఒకటే పెద్దమ్మా. ముందు ఊడేది అదే" అంటాడు.

అందుకని రెండు చేతులతో పట్టుకోవాలి, ఒక చెయ్యి అడుగున పెట్టాలి. అడుగు కాలుతుంది. ఆరిందాకా ఆగుతాడు. ఆ లెక్కన ఆ మహానుభావుడు పెద్దయ్యాక వేడి టీ రుచి ఎరగడు.

ఆయన మ్యూజియం కబుర్లు నాకు పిన్ని ద్వారా చేరేవి. పిన్నంటే మ్యూజియం ఊడ్చే మనిషి. నాకంటే చిన్నదే, అయినా అందరికీ పిన్ని కనక నాకూ పిన్నే. భర్త అక్కడ వాచ్‌మన్‌గా చేసేవాడు. ఆయన పోయాక పాత భవనంలో మెట్లకింది గదిలోనే ఆవిడ ఉండిపోయింది. కాగితాల్లో ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది. చీపురుకి ఆ కబురు ఎవరూ చెప్పలేదు. సాయంత్రాలు నేను వెనక గుమ్మంలోంచి వెళ్ళి ఆవిడ గదిలో కూర్చునేదాన్ని.

మ్యూజియం పెద్దాఫీసరు కథ ఆవిడ చెప్పిందే. ఒకరోజు ఎవరో పెద్దమనుషులు చూడ్డానికొచ్చారట. ఆఫీసరుగారికి ఉత్సాహం పొంగి, ఎక్కడయ్యగారు వచ్చేలోపే పెద్ద పింగాణీ జాడీని అరలోంచి తనే ఎత్తారట. ఎత్తి వెనక్కి తిరిగితే బల్లనిండా పుస్తకాలు. మళ్ళీ అరలో పెడదామంటే లోపలికి చెయ్యి వంగదు. జాడీని కావలించుకుని నిలబడిపోయారు. అప్పుడే ముక్కు దురద. పెద్దమనుషులు జాడీ గురించి అడుగుతున్నారు, ఈయన జాడీ వెనకనుంచి జవాబు చెబుతున్నారు.

ఎక్కడయ్యగారు వచ్చి, పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, బల్ల మీద దుప్పటి మడిచి పరిచి, ముడత సరిచేసి, అప్పుడు "ఇలా దించండి సార్" అన్నాడట. ఆఫీసరుగారు రెండురోజులు చేతులు పైకెత్తలేక క్రాఫు దువ్వుకోకుండా ఆఫీసుకొచ్చారని పిన్ని నవ్వి నవ్వి చెప్పింది.

ఆ నవ్వులన్నీ ఆ ఏడు వేసవికి ఆగిపోయాయి. పాత భవనం పైకప్పు కారుతోంది. సామానంతా, కింది గదుల్లోని పాత పుస్తకాలతో సహా, వానలు పడేలోపల కొత్త భవనానికి మార్చి పాతదానికి తాళం వేసేస్తారు. ఆ తరవాత కూలగొడతారు. భవనంతోపాటు మెట్లూ పోతాయి, మెట్లకింది గదీ పోతుంది. పిన్నికి వెనకా ముందూ ఎవరూ లేరు.

"మా ఇంటికొచ్చెయ్" అన్నాను.

"నీ ఇంటికా? నువ్వు నిద్రలో కూడా ప్రశ్నలడుగుతావు" అంది. మళ్ళీ తనే, "ఒకళ్ళ గుమ్మంలో చెప్పులు విడిచి బతకలేనమ్మా. నా చెప్పులు నా గుమ్మం ముందుండాలి" అంది.

నేను నేరుగా ఎదురింటికి వెళ్ళాను. ఎక్కడయ్యగారు నేలమీద కూర్చుని పెట్టెలు కట్టే నాడాలు చుడుతున్నాడు.

"కుండకీ బొచ్చెకీ చోటు చూస్తున్నావు కదా నాయనా. మరి పిన్నిని ఎక్కడ దించుతావు?"

చుట్టడం ఆపలేదు. "అదీ వరసలో ఉంది పెద్దమ్మా" అన్నాడు.

"ఏ వరసలో? మీ మ్యూజియం రాతి ఏనుగుకి ముందా వెనకా?"

"ముందే" అని మళ్ళీ నాడాల్లో పడ్డాడు.

నాకు ఒళ్ళు మండింది. తరవాత మా ఇంటికొచ్చినప్పుడు టీ అయితే ఇచ్చాను గానీ స్టూలు ఖాళీ చెయ్యలేదు. పాపం, గ్లాసు వంకా స్టూలు వంకా చూసి, పని ఉందని చెప్పి తాగకుండానే వెళ్ళిపోయాడు.

కొత్త భవనం ఎలా ఉందో చూడకుండా ఉండలేను కదా, ఒకరోజు వెళ్ళాను. గదుల నిండా ఇనప అరలు. అరల్లో వస్తువులు లేవు, సుద్దముక్కతో గీసిన గీతలున్నాయి. ఏ కుండ అడుగు ఎంతో అంత సున్నా. ఏ పెట్టె ఎంతో అంత చదరం. ఇంకా రాని వస్తువులన్నీ నీడలు ముందు పంపించినట్టుంది.

వెనకవైపు గది దగ్గర ఎక్కడయ్యగారూ వడ్రంగీ చేతులు చాచుకుని ఖాళీ నడక నడుస్తున్నారు.

"ఈసారి ఏమిటి?" అన్నాను.

"మంచం పెద్దమ్మా."

"మ్యూజియంలో మంచమేమిటి?"

"ఏ రాణిగారిదో అయ్యుంటుందిలే అమ్మా" అన్నాడు వడ్రంగి నడుం పట్టుకుంటూ. "పొద్దుట్నుంచి మోస్తున్నాను. గుమ్మం దాటట్లేదు మహాతల్లి."

ఎక్కడయ్యగారు గుమ్మం వెడల్పు జానలతో కొలవసాగాడు. గదిలోకి తొంగిచూశాను. పెద్ద కిటికీ, దాంట్లోంచి నిండా ఎండ.

"ఎండ తగిలితే పాత వస్తువులు పాడవుతాయని నువ్వే కదా చెబుతావు?"

"ఈ మంచానికి ఎండ మంచిదే" అన్నాడు. రాణుల అలవాట్లు నాకేం తెలుసని ఊరుకున్నాను.

సామాను కదిలే రోజు వచ్చింది. ఆకాశం పొద్దున్నుంచే మొహం మాడ్చుకుని ఉంది. పాత భవనం వరండా ముందు లారీలు వరసగా నిలబడ్డాయి. పుస్తకాలు కుట్టిన వీపు కిందికి పెట్టి పెట్టెల్లో సర్దారు, జాడీలు స్పాంజి గుంటల్లో కూర్చున్నాయి. సాయంత్రానికి తాళం పడాలి. పిన్ని తన గుడ్డల మూట గది ముందు పెట్టుకుని, ఎలాగూ కూలిపోయే వరండాని శ్రద్ధగా ఊడుస్తోంది. నేను ఆవిడ పక్కనే ఉన్నాను, మూట లాక్కుని మా ఇంటికి పట్టుకుపోదామనే ఉద్దేశంతో.

కూలీలు మొదటి పెట్టె మీద చెయ్యి వేశారు.

"ఎత్తకండి" అన్నాడు ఎక్కడయ్యగారు. "ఒకదానికి దించే చోటు తేలలేదు."

ఆఫీసరుగారు పరిగెత్తుకొచ్చారు. "ఏమిటయ్యా, అన్నిటికీ గీతలు గీశావు కదా. పెద్ద జాడీయా?"

"దానికుంది సార్."

"రాతి ఏనుగా?"

"దానికీ ఉంది."

"మరేది?"

"మెట్లకింది గదిలోది సార్."

"మెట్లకింద మనదేముంది?"

"నేనున్నానండీ" అంది పిన్ని ఊడుస్తూనే.

ఆఫీసరుగారు గొంతు తగ్గించారు. "ఆ సంగతి తరవాత చూద్దామన్నాను కదా. కొత్త భవనంలో వెనకగది ఖాళీ పెట్టెల కోసం కట్టింది. ముందు వస్తువులు కానీ."

"ఎత్తాక చోటు వెతుక్కుంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు సార్."

ఆఫీసరుగారి చేతులు వాటంతటవే ఒకదాన్నొకటి నిమురుకున్నాయి. జాడీ గుర్తొచ్చినట్టుంది. అయినా ఆయన బింకం సడలలేదు. "పైన మబ్బు చూడు. వానొస్తే ఈ పుస్తకాలేమవుతాయో తెలుసా?"

"తెలుసు సార్. ఇక్కడ అందరికంటే నాకే భయంగా ఉంది." నిజమే. ఆయన వేళ్ళు చొక్కా అంచుని నలిపేస్తున్నాయి.

పిన్ని చీపురు ఆపింది. "ఒరే అబ్బాయ్, నాకోసం పుస్తకాలు తడవడమేమిటిరా. ఎత్తండర్రా."

"పిన్నీ, నువ్వు ఊడుచుకో" అన్నాడాయన, ఆవిడవైపు తిరగకుండానే.

కూలీలు ఇటు చూస్తున్నారు, అటు చూస్తున్నారు. ఒక చినుకు సరిగ్గా వచ్చి ఆఫీసరుగారి కళ్ళద్దం మీద పడింది. ఆయన తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. ఆఖరి ఆయుధం తీశారు.

"సరే, ఆ గది ఆవిడకిచ్చాననుకో. మరి ఖాళీ పెట్టెలు ఎక్కడ దించుతావు?"

ఎక్కడయ్యగారి మొహం వెలిగింది. ఇన్నేళ్ళకి ఎవరో ఆ ప్రశ్న ఆయన్ని అడిగారు.

"కొత్త భవనంలో మెట్లకింద సార్. గీతలు కూడా గీసేశాను."

ఆఫీసరుగారు ఆయన వంక చూశారు, మబ్బు వంక చూశారు. జేబులోంచి తాళాల గుత్తి తీసి, అందులోంచి ఒక తాళంచెవి ఊడదీసి పిన్ని చేతిలో పెట్టారు. "ఇంక ఎత్తు తండ్రీ" అన్నారు.

మొట్టమొదట లారీ ఎక్కింది పిన్ని మంచం. "అదా ముందు?" అని ఆఫీసరుగారు అడగబోతే, "బరువు తక్కువ సార్, దారి చూసుకున్నట్టుంటుంది" అన్నాడు. ఆ తరవాత పనంతా చకచకా జరిగిపోయింది. వాన గట్టిగా పట్టేసరికి పుస్తకాల పెట్టెలన్నీ కొత్త గీతల్లో కూర్చున్నాయి. ఆగి తడిసింది ఆఫీసరుగారూ నేనూ మాత్రమే. ఆయనకి బాధ్యత, నాకు చూడాలని.

అంతకుముందు మొదటి లారీతో మేం ముగ్గురం కొత్త భవనానికి చేరగానే వడ్రంగి ఎదురొచ్చాడు. తుప్పు పట్టిన ఇనప మంచం, ఒక కోడు కింద చెక్కముక్క. దాన్ని చూసి నోరు తెరిచాడు.

"ఇదా రాణిగారి మంచం?"

"ఎవర్రా రాణి?" అంది పిన్ని.

మంచం గుమ్మం దగ్గర ఒకసారి వంగి, అరిగిన దారిలో నడిచినట్టు లోపలికి వెళ్ళిపోయింది. నేలమీద దాని కొలతకి చదరం గీసి ఉంది. పక్కన నీళ్ళకుండకి సున్నా. గుమ్మం బయట ఇంకో గీత. అది చూసి పిన్ని ఆగిపోయింది. రెండు చెప్పుల ఆకారం.

నేను ఎక్కడయ్యగారి మొహం వంక చూశాను. ఆయన కిటికీ రెక్క సరిగ్గా పడుతోందో లేదో పరీక్షిస్తున్నాడు.

పిన్ని చాలాసేపు ఆ గీతలు చూసింది. ఆవిడ ఏమంటుందోనని నేను కొంగు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ గొంతు సవరించుకుంది.

"కుడిది ఎడమపక్క గీశావు."

ఆయన కంగారుపడి వచ్చి, వంగి, జేబురుమాలుతో చెరిపి మళ్ళీ గీశాడు. పిన్ని చెప్పులు విడిచి అందులో పెట్టింది. కాలితో కొంచెం సర్ది మరీ పెట్టింది.

మర్నాడు సాయంత్రం నేను వెళ్ళేసరికి స్టవ్వు మీద టీ మరుగుతోంది. ఎక్కడయ్యగారు కూడా కిటికీ గడియ బిగించడానికి వచ్చి ఉన్నాడు. పిన్ని గ్లాసు అందించింది. ఆయన అలవాటుగా చోటుకోసం చుట్టూ చూశాడు.

"వెతక్కు. అదిగో" అంది పిన్ని.

కిటికీ గట్టు మీద సుద్దముక్కతో చిన్న సున్నా గీసి ఉంది. సరిగ్గా గ్లాసు అడుగంత.

"నీదే. ఇవాళైనా వేడిగా తాగు" అంది.

ఆయన ఆ సున్నా వంక చూశాడు. గ్లాసు అందుకుని వెంటనే తాగేశాడు. నాలిక కాలింది. నేను పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చాను. నోరు తెరిచి ఊదుకుంటూ, ఒక చెయ్యి గాల్లో ఊపుతూ, ఆ అవస్థలో కూడా ఆయన నన్నొక మాట అడగబోయాడు. మాట బయటికి రాలేదు గానీ ఏమడుగుతున్నాడో నాకు తెలుసు. చెంబు దించే చోటు ముందే చూసుకుని వచ్చానని చెప్పాను.