గ్లెనిస్ కొన్న మాట్లాడే పెట్టె

ఎడారి అంచున ఉన్న మర్రాబిన్ ఊరి నుంచి ఉత్తరానికి తారు రోడ్డు ఇరవై రెండు కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది. అక్కడి నుంచి దారి తెలియాలంటే గ్లెనిస్ నోస్కేని అడగాల్సిందే. ముప్ఫై ఆరేళ్లుగా ప్రతి మంగళవారం తెల్లవారకముందే టపా బండి ఎక్కి, పశువులు మేపే ఏడు ఎస్టేట్లకు ఉత్తరాలు, రొట్టెలు, పంపు సామాన్లు, పిల్లల పాఠాల పొట్లాలు అందించి, చిట్టచివరిదైన ముండ్రావీలో ఆ రాత్రికి పడుకుని, బుధవారం తిరిగి వస్తుంది. దారి తప్పిన పోలీసులను కూడా ఆవిడే వెతికి తెచ్చింది. కొత్త బండ్లలో వచ్చే యాత్రికులను చూస్తే ఆవిడకు ఒళ్లు మండేది. "బండి ఆగిపోతే బండి దగ్గరే చావండి. నడుచుకుంటా పోయి చస్తే శవం కూడా దొరకదు" అని పెట్రోలు బంకు దగ్గర నిలబెట్టి మరీ చెప్పేది. ఎక్కడికి పోతున్నారో, ఎప్పటికి చేరతారో బంకులోని పుస్తకంలో రాయించేది. తను మాత్రం ఏనాడూ అందులో సంతకం పెట్టలేదు. మంగళవారం గ్లెనిస్ ఏ గంటకు ఎక్కడుంటుందో ఆ చుట్టుపక్కల గొడ్లకు కూడా తెలుసు.

అలాంటి మనిషి, అరవై అయిదో ఏట, జూన్‌లో ఒక మంగళవారం, రెండు దారులు చీలే చోట బండి ఆపి నలభై నిమిషాలు కూర్చుండిపోయింది. కుడికా ఎడమకా తెలియలేదు. వెయ్యిన్నొక్కసారి తిరిగిన మలుపు. ఆ ఇనప నీళ్లతొట్టి, ఆ విరిగిన గేటు అన్నీ చూసినట్టే ఉన్నాయి, ఏదీ ఏమీ చెప్పడం లేదు. చివరికి వెనక నుంచి గొడ్ల లారీ ఒకటి వస్తే, చెయ్యి ఊపి ముందుకు పోనిచ్చి, దాని దుమ్ము పట్టుకుని పోయింది.

ఎవరికీ చెప్పలేదు. వాళ్లమ్మ చివరి రోజుల్లో చెంచాను చేత్తో పట్టుకుని ఇదేమిటని అడిగేది. గ్లెనిస్‌కు అది గుర్తుంది, అదే భయం. డాక్టరుకు చెబితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే టపా పోతుంది. టపా పోయాక గ్లెనిస్ అని పిలవడానికి ఏం మిగులుతుందో ఆవిడకు తోచలేదు. పిల్లా జెల్లా లేరు. ఆ ఏడు గేట్లే ఆవిడ సంసారం.

ఆగస్టులో పళ్ల డాక్టరు పేరు చెప్పి పోర్ట్ అగస్టా వెళ్లింది. అక్కడ టైర్లు, వైర్‌లెస్ సెట్లు, దారి చూపే యంత్రాలు అమ్మే లాయిడ్ ఆవిడకు ఇరవై ఏళ్ల పరిచయం.

"సూర్యుడు పడమట పొడిచాడా ఏంటి? గ్లెనిస్ వచ్చి జీపీఎస్ అడగడమా!" అన్నాడు లాయిడ్.

"నాక్కాదులే. మా మేనల్లుడు అడిలైడ్ నుంచి వస్తన్నాడు, వాడికి. దద్దమ్మ వెధవ."

ఆవిడకు మేనల్లుడే లేడు. దారిలో కల్పించుకుని వచ్చింది.

లాయిడ్ అద్దాల బల్ల మీద రెండు పెట్టాడు. "ఇది చూడు. ఇది నోరెత్తదు. ఉత్త మ్యాపు. గేట్లు, బోర్లు, పాత గొడ్ల దారులు, దిబ్బల ఎత్తులు అన్నీ ఉంటాయి. నువ్వు ఎక్కడున్నావో బాణం గుర్తు చూపిద్ది. కింద అంకెలున్నాయి చూడు, అవి వైర్‌లెస్‌లో చదివావంటే వెతికే విమానం వాడు సరాసరి నీ నెత్తి మీదకే వస్తాడు. నడిచిన దారంతా చుక్కలు పెట్టుకుంటా పోద్ది. తప్పిపోతే ఆ చుక్కలెంట వెనక్కి రావడమే."

"ఎటు పోవాలో చెబుద్దా?"

"చెప్పదు. అది బుర్ర చెప్పాలి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "బుర్రకేం, బుర్ర బానే ఉంది" అనేసింది గ్లెనిస్.

"నీ బుర్ర సంగతి ఎవడడిగాడు తల్లీ? మీవాడి బుర్ర." లాయిడ్ నవ్వి రెండోది తిప్పి చూపించాడు. "ఇది మాట్లాడే రకం. తెర పెద్దది, ఎండలో కూడా కనపడుద్ది. చేరాల్సిన చోటు కొడితే చాలు, ఆడగొంతుతో దారంతా చెబుద్ది. ఊళ్లో అయితే బంగారం. మీవైపు దీన్ని నమ్ముకుంటే మాత్రం నట్టేట ముంచుద్ది."

"ఎందుకని?"

"అరవైల్లో నేలలో చమురు వెతికినోళ్లు ఇసకలో బుల్డోజర్లతో గీతలు కొట్టి పోయారు కదా, తాడేసి గీసినట్టు తిన్నగా? పైనుంచి చూసినోడికి అవీ రోడ్లే. ఇదేమో ఏది దగ్గరైతే అందులోకి తోసేస్తది. మీవాడికి మ్యాపు చదవడం వచ్చా?"

గ్లెనిస్ మొదటి యంత్రం తెర మీదికి వంగింది. వంకర గీతలు, చుక్కలు. ఒకప్పుడు ఆ గీతలు చూడగానే దిబ్బ లేచి కళ్ల ముందు నిలబడేది, దాని వెనక వాగు, వాగు పక్కన నీడ. ఇప్పుడు గీతలు గీతలుగానే ఉండిపోయాయి. ఎంతసేపు చూసినా అంతే. 

"రాదు" అంది.

"అయితే వాణ్ణి తారు రోడ్డు దాటనివ్వకు."

"వాడికి చెప్పేదే కావాలి లాయిడ్. మాట్లాడేదే కట్టివ్వు."

లాయిడ్ ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూశాడు. ఏదో అడగబోయాడు. అడిగి ఉండాల్సింది. కానీ టపా గ్లెనిస్‌ను, దారి తెలుసా అని అడిగే మగాడు ఆ దేశంలో ఇంకా పుట్టలేదు. పెట్టె కట్టి చేతికిచ్చాడు.

ఆరు నెలలు ఏ గొడవా లేకుండా గడిచాయి. ఎడమకు తిరగండి అంటే ఎడమకు తిరిగేది, కుడికి అంటే కుడికి. ఎస్టేటు మొదటి గేటు కనిపించగానే యంత్రాన్ని ఊడబీకి సీటు కిందకు తోసేసేది, దొంగసారా సీసా దాచినట్టు. గేటు దాటి బయటికొచ్చాక మళ్లీ తీసి తగిలించేది. ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఒకటి జరిగింది. చెప్పే గొంతు పక్కనుండేసరికి, ఆవిడ కళ్లు నేల మీది నుంచి తెర మీదికి మళ్లాయి. మిగిలున్న నాలుగు ఆనవాళ్లు కూడా, చూసేవాళ్లు లేక, ఒకటొకటే జారిపోయాయి.

ఫిబ్రవరిలో ఎండ నిప్పులు చెరుగుతున్న మంగళవారం. ఎగువన ఎక్కడో వాన పడి వాగు పొంగింది. ఆరో ఎస్టేటులో మేనేజరు కేకు ముక్క చేతిలో పెడుతూ చెప్పాడు: "మామూలు దారి మునిగిపోయింది గ్లెన్. పాత బోర్ల మీదుగా చుట్టు తిరిగి పోవాల. అయినా నీకు చెప్పడమేంటి, తాతకి దగ్గులు నేర్పినట్టు."

"అదే మరి" అని నవ్వింది గ్లెనిస్. పాత బోర్ల దారి అన్న మాట వెంట ఒక్క బొమ్మ కూడా రాలేదు. ఇంకో మాట అడిగితే చాలు, అతను కాగితం మీద గీసి ఇచ్చేవాడు. అడగలేదు. కేకు తిని, చెయ్యి దులుపుకుని బండెక్కింది.

గేటు దాటాక సీటు కింది నుంచి పెట్టె తీసి, ముండ్రావీ అని కొట్టింది. పదకొండు కిలోమీటర్ల తర్వాత ఎడమకు తిరగండి అంది గొంతు, ఎంతో మర్యాదగా. తిరిగింది. దారి తిన్నగా ఉంది, మరీ తిన్నగా. గొడ్ల దారి ఏదీ అలా ఉండదు, గొడ్డు నీళ్ల కోసం వంకర పోతుంది, రాయి వస్తే పక్కకు తప్పుకుంటుంది. ఇది దిబ్బ వస్తే దిబ్బ మీదికే ఎక్కింది. పాత గ్లెనిస్ అయితే రెండో దిబ్బకే బ్రేకు వేసి, ఒక బూతు తిట్టి, వెనక్కి మళ్లేది. ఇప్పుడు మాత్రం, తిన్నగా ముందుకు వెళ్లండి అని పక్క నుంచి వినిపిస్తుంటే ముందుకే పోయింది. చక్రాల జాడ ఒక్కటి లేదు. ముళ్లగడ్డి గీతను సగం కప్పేసింది. గాలి కూడా ఆగిపోయింది.

తొమ్మిదో దిబ్బ దిగుతుండగా వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి.

చేతులు ఏదీ మరిచిపోలేదు. టైర్లలో గాలి తీశాయి, పార పట్టాయి, చక్రాల కింద గోనెలు పరిచాయి. మూడుసార్లు ప్రయత్నించింది, మూడుసార్లూ బండి ఇంకొంచెం దిగింది. ఎండకు తలుపు పిడి పట్టుకుంటే అరచెయ్యి కాలుతోంది. తిన్నగా ముందుకు వెళ్లండి అంటూనే ఉంది గొంతు. గ్లెనిస్ దాని తీగ పీకేసింది.

మూడు గంటలకు బండిలోని వైర్‌లెస్ పలికింది. ముండ్రావీ నుంచి బ్రాన్విన్, చివరి ఎస్టేటు ఇల్లాలు. "గ్లెన్, ఎక్కడ చచ్చావే? మాంసం చల్లారిపోయింది."

ఆ మీట నొక్కితే ఏడు ఎస్టేట్లూ వింటాయి. వంటింట్లో రొట్టె చేసేవాళ్లు, పంపు బాగుచేసేవాళ్లు, బండ్లలో పోయేవాళ్లు, అందరూ. నాకు దారి తెలియడం లేదు అన్న మాట బ్రాన్విన్‌కు ఒక్కదానికే చెప్పే వీలు లేదు. గ్లెనిస్ మీట నొక్కి పట్టుకుంది. గొంతు దానంతట అదే మామూలుగా, నోటికొచ్చిన గేటు పేరొకటి పలికింది.

"పదో మైలు గేటు దగ్గరున్నా. టైరు పగిలింది."

"డారిల్‌ని పంపించనా?"

"మీ ఆయన పుట్టకముందు నుంచి టైర్లు మారుస్తన్నా. పంపించావంటే ఊరుకోను."

ఎవరో నవ్వారు. "ముసల్దాని నోరు మాత్రం పంక్చరవదు" అని ఇంకెవరో అన్నారు. అందరూ తమ పనుల్లో పడిపోయారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ గేటు ఎక్కడుందో, తనెక్కడుందో, రెంటికీ మధ్య ఎంత దూరముందో గ్లెనిస్‌కు తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. రేపు వెతకడానికి బయల్దేరే బండ్లన్నీ ఆ గేటుకే పోతాయి. తను చెప్పిన అబద్ధం చుట్టూ గిరగిరా తిరుగుతాయి. తనిక్కడ ఎండిపోతుంది.

అయినా రెండు గంటలపాటు మీట ముట్టుకోలేదు. డబ్బాలో నీళ్లు రేపటికి వస్తాయి, ఎల్లుండికి రావు. చచ్చిపోతే, దారి తెలిసిన మనిషిగానే చచ్చిపోయినట్టు. ఆ ఆలోచన వచ్చి కూర్చుంది, ఎంతకీ లేవలేదు. అది తీయగా ఉండటమే ఆవిడను ఎక్కువ భయపెట్టింది.

పొద్దు వాలుతుంటే మళ్లీ బ్రాన్విన్. ఈసారి గొంతులో వెటకారం లేదు. "గ్లెన్, నువ్వు తిట్టినా సరేనని డారిల్ వెళ్లాడు. గేటు దగ్గరే ఉన్నాడు. అక్కడ నువ్వు లేవు. చక్రాల గుర్తు కూడా లేదు. ఎక్కడున్నావ్?"

వైర్‌లెస్‌లో ఎవరూ కిక్కురుమనలేదు. అందరూ వింటున్నారని ఆ నిశ్శబ్దమే చెప్పింది.

"తెలీదు" అంది గ్లెనిస్. ఆ ఒక్క మాట బయటికి రావడానికి ముప్ఫై ఆరేళ్లు అడ్డుపడ్డాయి. "అబద్ధం చెప్పాను బ్రాన్. గేటు దగ్గరికి రానే లేదు. నాకు దారి తెలీటం లేదు. జూన్ నుంచీ తెలీటం లేదు."

బ్రాన్విన్ వెంటనే అడిగింది. "నీ దగ్గర జీపీఎస్ లాంటిదేమన్నా ఉందా? అంకెలు చదవగలవా?"

తీగ తగిలించి వెతికింది. అంకెలు ఎక్కడ దాక్కున్నాయో దొరకలేదు. ఎటు తిప్పినా ముండ్రావీకి నలభై ఒక్క నిమిషాలు అనే చూపిస్తోంది.

"పోనీ చుట్టూ ఏం కనపడతన్నాయ్?"

"ఇసక. పడిపోయిన నీళ్లతొట్టి ఒకటి, తుప్పు పట్టింది. గాలిమర ఉంది. రెండే రెక్కలు."

"సరే" అంది బ్రాన్విన్. ఆమె గొంతు ఎందుకో మారిపోయింది, ఏడుపు ఆపుకుంటున్నట్టు. "అక్కడే ఉండు. కదలమాక. డారిల్‌కి ఆ చోటు తెలుసు."

పూర్తిగా చీకటి పడకముందే దక్షిణం వైపు దిబ్బ మీద రెండు దీపాలు లేచాయి. డారిల్ దిగి, ఏమీ అడగకుండా నీళ్ల సీసా అందించాడు. నలభై అయిదేళ్ల బండ మనిషి, పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కూరుకుపోయిన బండిని రేపు లాగుదామన్నాడు. టపా సంచులు మాత్రం వదిలి రానంది గ్లెనిస్. ఇద్దరూ కలిసి అతని బండిలోకి మోశారు. చివరి సంచి ఒళ్లో పెట్టుకుని ఆవిడ అతని పక్క సీట్లో కూర్చుంది.

బండి గాలిమర పక్కగా మళ్లింది. దీపాల వెలుగులో ఆ రెండు రెక్కలు, పడి ఉన్న తొట్టి మరోసారి కనిపించాయి. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "ఇది ఏ బోరు డారిల్?" అని అడిగింది.

"నోస్కే బోరు."

"అరే, మా ఇంటిపేరే."

డారిల్ బండి ఆపేశాడు. "నీ పేరే గ్లెన్. ఎనభై తొమ్మిదిలో వచ్చిన వరదల్లో మా నాన్నా నేనూ ఇక్కడ రెండు రోజులు ఇరుక్కుపోయాం. నాకు పదేళ్లు. అందరూ వాగు వైపు వెతుకుతుంటే, నువ్వొక్కదానివే ఇటొచ్చి మమ్మల్ని లాగావు. అప్పుడు నాన్న పెట్టాడు ఆ పేరు."

గ్లెనిస్ ఆ తొట్టిని పరీక్షగా చూసింది. ఆ పదేళ్ల పిల్లవాడి కోసం, వాళ్ల నాన్న కోసం లోపల ఎంతో వెతికింది.

"ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే" అంది.

"మాకు చెప్పేదే నువ్వు" అన్నాడు డారిల్ మెల్లగా. "ఏటా క్రిస్మస్‌కి మా బల్ల దగ్గర కూచుని నువ్వే చెప్తావు. మా పిల్లలు అడిగి మరీ చెప్పించుకుంటారు."

గ్లెనిస్ జేబులోంచి టపా బండి తాళాలు తీసి, అతను అడగకుండానే, అతని చేతిలో పెట్టింది.