లాంప్‌రూంలో అరవై ఫోన్లు

బొగ్గుబాయిలకు ఫోను తీసుకపోనియ్యరు. బీడీ, అగ్గిపెట్టె, ఫోను, నిప్పురవ్వ పుట్టించేది ఏదైనా పైననే ఉండాలె. మంచిర్యాల అవతల ఒక బాయి మీద పద్ధతి ఏందంటే, మనిషి లాంప్‌రూంకు వచ్చి నెత్తికి పెట్టుకునే లైటు తీసుకొని, ఆ లైటు ఉన్న గూట్లనే తన ఫోను పెట్టి దిగుతడు. షిఫ్టు అయినంక లైటు పెట్టి ఫోను తీసుకుంటడు. అక్కడ లైట్లు ఇచ్చుడు, తీసుకునుడు ఇరవై ఏడేండ్ల సంది కొమురెల్లి పని.

నవనీత అనే ఆమె సంగతి చెప్పబోయి ఈ గూళ్ల ముచ్చట ఎందుకు పెట్టిన్నంటే, ఆమె తల వంచుకునేటట్టు అయింది ఈ గూళ్ల కాడనే.

నవనీత లక్సెట్టిపేట పిల్ల. ఆ బాయిల పనిచేసే సంపత్ భార్య. నాలుగేండ్ల కింద ఫోనును బియ్యం డబ్బా మీద నిలబెట్టి, మొగడు మొదటి షిఫ్టుకు తీసుకపోయే సద్ది ఎట్ల కడుతదో వీడియో తీసి ఇంటర్నెట్‌ల పెట్టింది. సద్ది అంటే నాకు కొంచెం పట్టింపు, ఆ పట్టింపుతోనే ఆమె వీడియోలు చూసి వాళ్ల ఇంటికి పోయుడు వచ్చుడు అయింది. ఊర్లు తిరిగేటోనికి ఇంకొకరు కట్టిచ్చిన మూట విలువ తెలుసు. ఆదిలాబాద్‌ల జానకీబాయి అని జిన్నింగు మిల్లుల పనిచేసే ఆమె, ముక్కు మొగం తెల్వని నాకు రెండు జొన్నరొట్టెల నడుమ పిట్ల అనే శెనగపిండి కూర పెట్టి ఇచ్చింది. బస్సు నిర్మల్ చేరకముందే అది అయిపోయింది. ఇప్పటికీ ఆ తొవ్వల పోతుంటే అదే యాదికొస్తది.

బాయిల సద్ది లెక్క వేరు. కింద ఉక్క. పెరుగు పులుస్తది, పప్పు జిగురు పడుతది. బొగ్గుచేతులతోని కూడ తినేటట్టు ఉండాలె. కాలనీల శ్రీకాకుళం వాళ్లు, బీహార్ వాళ్లు, మరాఠీ వాళ్లు, ఒక్కో ఇంటిది ఒక్కో ఉపాయం. నవనీత ఇల్లిల్లు తిరిగి అన్నీ తీసింది. జనం చూసిండ్రు. వీడియోల నడుమ యాడ్లు వచ్చినయ్, వాటి మీద పైసలు వచ్చినయ్. సంపత్‌కు నడుము నొప్పి, అయినా ఎక్కువ పైసల కోసం ఐతారం కూడ బాయిల దిగేటోడు. పైసలు పడుడు మొదలైన నెలనే "ఇగ ఐతారం డ్యూటీలు బంద్ పెట్టు" అన్నది. అతను మానేసిండు. ఆదివారం పొద్దెక్కేదాక పండుకున్న మొగణ్ణి చూసుడు తనకొక పండుగ అనేది.

ఒకనాడు సంపత్ సద్ది మరిచిపోయి పోతే, ఇచ్చి వచ్చేటందుకు లాంప్‌రూంకు పోయింది. గూళ్ల కాడ కొమురెల్లి ఉన్నడు.

"మామా, నా వీడియోలు చూస్తున్నరా?"

"చూడకేంది బిడ్డా. నీ వంకాయ తొక్కు చూసినంక మీ అత్త చేసింది గొంతు దిగుతలేదు. నా కొంప ముంచినవ్."

"నడుమ యాడ్ వస్తే దాటేయకుండ్రి. జర దాని మీద నొక్కుండ్రి. నాకు ఆసర అయితది."

ఆమె అడిగింది గంతే. కానీ కొమురెల్లికి ఏ పని చెప్పినా ఉద్యోగం లెక్క చేస్తడు. మరునాడు షిఫ్టుకు వచ్చినోళ్లందరికి చెప్పిండు: "సంపత్ పెండ్లాం వీడియోలు నడిపియ్యాలె. ఫోన్ తాళం నంబర్లు చెప్పి పోండ్రి. మిగిలింది నేను చూసుకుంట." ఎందుకు, ఏంది అని ఒక్కడు అడగలే. బాయిల పక్కోని మీద బరువు పడితే చెయ్యి పెట్టుడు అడిగి చేసే పని కాదు గదా. ఇది కూడ గసొంటిదే అనుకున్నరు.

అట్ల అరవై గూళ్లల్ల అరవై ఫోన్లు. చప్పుడు లేకుంట అన్నిట్లనూ నవనీత చేతులు రొట్టె కొట్టుకుంట ఉండేవి. కొమురెల్లి లైట్ల ఛార్జింగ్ చూసినట్టే వరుస పొంటి పోయి, యాడ్ కనబడ్డ కాడల్ల నొక్కుకుంట వచ్చేటోడు. మనుషులు పైకొచ్చేసరికి ఫోన్లు కాలిపోయేటట్టు వేడెక్కి, సచ్చి పడి ఉండేవి. వెంకటి బిడ్డకు జ్వరమొచ్చిన నాడు వాని పెండ్లాం పదిసార్లు ఫోన్ చేసి, కలవక, తనే పిల్లను ఎత్తుకొని దవాఖానకు నడిచింది. అయినా ఒక్కడు కూడ ఆ సంగతి నవనీత చెవిన వెయ్యలే.

వాళ్ల సంగతి సరే, నేను కూడ తక్కువ తినలే. ఆమె వీడియో వచ్చినప్పుడల్ల బస్సుల కూచోని యాడ్ల మీద నొక్కిన. మంచి పని చేస్తున్నట్టు మీసం కూడ దువ్వుకున్న. ఈ మాట ఇప్పటిదాక ఆమెకు చెప్పలే.

పైసలు పెరిగినయ్. పెరిగినంక వీడియో కంపెనీ వాళ్ల నుంచి మొదటి మెయిల్ వచ్చింది. మీ వీడియోల మీది యాడ్లను కావాలని నొక్కుతున్నరు, ఇది ఆగకుంటే యాడ్లు తీసేస్తం అని. చదువంగనే నవనీతకు తను కొమురెల్లిని అడిగిన మాట, లాంప్‌రూం కండ్లల్ల మెదిలినయ్. ఒక్క మాట పోయి చెప్తే అయిపోతుండె. కానీ ఆ నెల వచ్చినన్ని పైసలు అంతకు ముందు ఎన్నడూ రాలే. వచ్చే నెల చెప్త అనుకున్నది. ఆ వారమే పక్క క్వార్టర్ రోజారాణి కొత్త ఫోన్ స్టాండు కొనుక్కొని వచ్చింది.

"అక్కా, నీలెక్క ఎదగాలంటే ఏం చెయ్యాలె?"

"రోజూ పెట్టాలె. నిజాయితిగ ఉండాలె."

"ఆ మాట అంటుంటే నా చెవులు నాకే కాలినయ్" అని తర్వాత నాతోని చెప్పింది.

రెండో మెయిల్‌తోని యాడ్లు మొత్తం పోయినయ్. రెండు నెలలు ఎవరికీ చెప్పలే. సంపత్ అడిగితే "పైసలు ఆలస్యమట" అన్నది. వీడియోలు మాత్రం పెట్టుకుంటనే ఉన్నది, నవ్వుకుంట. నడుమ ఒకసారి కొమురెల్లి ఎదురై, "యాడ్లు కనబడ్తలేవేంది బిడ్డా? నెట్ ఖరాబైనట్టున్నది. ఫికర్ చెయ్యకు, ఇంకో రెండు మూడు సార్లు తిప్పి నడిపిస్తున్న" అన్నడు. ఆమె తల ఊపి వచ్చింది.

గట్లనే కొమురెల్లి రిటైర్ అయ్యే నెల వచ్చింది. ఆ బాయి మీద ఆఖరి షిఫ్టు నాడు దండలేసి, డప్పులతోని ఇంటిదాక తోలుకపోతరు. ఆ ఊరేగింపు వీడియో తీయాలని, ఒక దినం ముందు నవనీతను లాంప్‌రూంకు పిలిచిండు. అల్మారల నుంచి ఒక అట్టముక్క తీసి చూపిచ్చిండు. దాని మీద గూటి నంబర్లు, ఎదురుంగ ఫోన్ల తాళం నంబర్లు, ముత్యాలసొంటి అక్షరాలు.

"ఎల్లుండి సంది ఇది నా జాగల వచ్చే అంజన్నకు అప్పజెప్తున్న. లైట్లు పోతే పోనియ్ గని మా కోడలు ఫోన్లు మాత్రం మరువకురా అని చెప్పిన."

ఇంట్ల పెండ్లాలకు కూడ చెప్పని నంబర్లు అవి.

"ఆపుండ్రి మామా."

"ఏం బిడ్డా?"

"గీ నొక్కుడుతోనే యాడ్లు పోయినయ్. దొంగ లెక్క అన్నరు వాళ్లు."

"దొంగ లెక్కనా?" కొమురెల్లి వెనకకు తిరిగి గూళ్ల దిక్కు చూసిండు. "దొంగెవడు ఈడ?"

"నేనే. మొదటి మెయిల్ ఐదు నెలల కిందనే వచ్చింది. పైసలు ఎక్కువ వస్తున్నయని చెప్పలే."

"అప్పుడే ఒక్క మాట అంటే ఆపుతుంటి గద బిడ్డా" అన్నడు ముసలాయన మెల్లగ. అట్టముక్కను నాలుగు తుకుడాలు చేసి జేబుల పెట్టుకున్నడు. ఒక్కో గూటి కాడ ఆగి, ఒక్కో ఫోను బంద్ చేసుకుంట పోయిండు. ఆమె దిక్కు మళ్ల చూడలే.

ఆ పొద్దుమీకి నేను నవనీత వాళ్ల ఇంట్ల చాయ్ తాగుతున్న. బియ్యం డబ్బా మీద నవనీత ఫోన్ మోగింది. అక్కడనే స్పీకర్ నొక్కింది. షిఫ్టు దిగినంక సంపత్ ఫోన్ చేసుడు నెలల సంది లేదు.

"ఏమే, ఛార్జింగ్ నిండా ఉన్నది! ముసలోడు ఇయ్యాల కునుకు తీసిండా ఏంది?"

వెనక నుంచి వెంకటి గొంతు: "వదినే, నాది ఎనభై చూపిస్తున్నది!"

నవనీత గోడకు ఆనుకున్నది. "నువ్వు కూడ స్పీకర్ పెట్టు."

"ఎందుకే?"

"అందరు వినాలె. పెట్టు."

పెట్టిండు. ఆమె చెప్పింది. అడిగింది తనే అన్నది, తెలిసీ ఊకున్నది తనే అన్నది, యాడ్లు పోయి రెండు నెలలైందన్నది. అవతల ఒకరు కడుక్కుంటున్న నీళ్ల చప్పుడు వినవడ్డది.

"అంటే వదినే," వెంకటి అన్నడు, "ఇన్నొద్దులు నా పెండ్లాం తిట్లు ఉత్త పుణ్యానికి తిన్ననా?"

ఎవరో నవ్విండ్రు. సంపత్ నవ్వలే.

"ఐతారం డ్యూటీకి పేరు ఇచ్చి వస్త" అని పెట్టేసిండు.

నవనీత బియ్యం డబ్బా మీది ఫోన్ తీసి, తెరను చీరె కొంగుతోని తుడిచి, బోర్లించి పక్కన పెట్టింది. డబ్బా మూత తీసింది.

"ఐతారం సద్ది, ఆరేడు గంటలు నిలవాలె," అన్నది, నా మొగం చూడకుంట. "నడుము నొప్పి మనిషి, వంగి తినలేడు. అన్నం కన్నా రొట్టెనే మంచిది గద?"